మర్యాద తగ్గిందా, మనుషులు విడిపోయారా? గోదావరి తీరం నుంచి ఒక పరిశీలన

ఈ పాఠాన్ని మీలో చాలామంది పగలంతా పనిచేసి, రాత్రి భోజనాలయ్యాక చదువుతారని నాకు తెలుసు. అందుకని సిద్ధాంతాలతో కాకుండా మీరు రోజూ వినే ఒక మాటతో మొదలుపెడతాను. "ఇదివరకు రాజకీయాల్లో ఇంత అసహ్యం లేదండీ. పార్టీలు వేరైనా మనుషులు మనుషుల్లా ఉండేవాళ్ళు." టీకొట్టు దగ్గరా, పెళ్ళి పందిట్లోనూ పెద్దవాళ్ళు ఈ మాట అంటారు. ఇది నిజమేనా? చరిత్ర విద్యార్థి దాన్ని వెంటనే నమ్మకూడదు, కొట్టిపారేయనూ కూడదు. అందులో నిజం ఎంత, జ్ఞాపకం చేసే మోసం ఎంత అన్నదే ఈ పాఠంలో మనం చూడబోయేది.

నాది ఉప్పాడ. కాకినాడకు ఉత్తరాన, సముద్రం అంచున ఉన్న ఊరు. ఊళ్ళో సగం జీవనం మగ్గాలది, సగం వలలది. నా చిన్నప్పుడు నేను ఆడుకున్న వీధుల్లో కొన్ని ఇప్పుడు నీళ్ళలో ఉన్నాయి. కోత అలాంటిది. ఇక్కడి జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీర నేసేటప్పుడు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. బుటా దగ్గరికి వచ్చేసరికి ఒకరి చెయ్యి ఆగితే రెండోవారి చెయ్యీ ఆగాలి.

2024 ఎన్నికల్లో మా పిఠాపురం నియోజకవర్గం వైపు రాష్ట్రమంతా చూసింది. జనసేన అధినేత పవన్ కల్యాణ్ అక్కడ నిలబడి, వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి వంగా గీతపై 70,279 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఎన్నికలకు ముందు నెలల్లో నేను ఊళ్ళోనే ఉన్నాను. మా వీధిలో ఒకే మగ్గం మీద నేసే ఇద్దరు, వరసకు బావమరుదులు, చెరో పార్టీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కపక్కనే కూర్చుంటారు, మాట మాత్రం ఉండదు. దారం కావాలంటే చేత్తో సైగ. పెద్దాయన్ని పక్కకు పిలిచి అడిగితే, మాట్లాడితే పార్టీ మాటే వస్తుంది సార్, పార్టీ మాట వస్తే పని చెడుతుంది, అందుకని మానుకున్నాం అన్నాడు. దీన్ని మర్యాద అనాలా, మర్యాద పోవడం అనాలా? నాకు చాలా రోజులు తేలలేదు. తిట్టుకోలేదు గనక మర్యాదే. కానీ నలభై ఏళ్ళ మాట పోయింది.

"ఇదివరకు" అంటే ఎప్పుడు?

పెద్దలు చెప్పే ఆ మంచి కాలాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్దాం. మన ప్రాంతంలో బహిరంగ చర్చ, పత్రిక, సభ మొదలైన కాలం 19వ శతాబ్దపు చివరి భాగం. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' ప్రారంభించారు. ఎదుటి పక్షాన కొక్కొండ వెంకటరత్నం పంతులు 'ఆంధ్రభాషా సంజీవని' నడిపేవారు. కొక్కొండవారు 'హాస్యవర్ధని' పెడితే వీరేశలింగం 'హాస్య సంజీవని' పెట్టారు. పేర్లు చూడండి, ఒకరి పత్రిక పేరులో సగం రెండోవారు తీసుకున్నారు! ఆ పత్రికల్లో ఎత్తిపొడుపులు, వెటకారాలు, వ్యక్తిగత విసుర్లు ధారాళంగా ఉండేవి. ఇప్పటి టీవీ చర్చలు చూసి ముక్కున వేలేసుకునేవారు ఆ పాత సంచికలు ఒకసారి తిరగేయాలి.

మాటల దగ్గరే ఆగలేదు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, దానికి వచ్చినవారినీ సహకరించినవారినీ వెలివేశారు. వంటవాళ్ళు మానేశారు, పురోహితులు రామన్నారు, బావి నీళ్ళు తోడుకోనివ్వలేదు. వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి, పెళ్ళివారికి తానే వండిపెట్టింది. పెళ్ళికి విద్యార్థులు, పోలీసులు కాపలా ఉండవలసి వచ్చింది. వెలి అంటే ఏమిటో ఈ తరం విద్యార్థులకు సరిగా తెలియదు. ఒక మనిషికి నిప్పు, నీళ్ళు, పిల్లనివ్వడం, శవం మోయడం అన్నీ ఒక్క మాటతో ఆగిపోవడం. ఈ రోజు ఒక పార్టీవాడు ఇంకో పార్టీవాడి దుకాణంలో సరుకు కొనకపోవడం దాని ముందు చిన్న విషయం.

తర్వాత భాషావాదం వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాష కోసం, జయంతి రామయ్య పంతులు గ్రాంథికం కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. గ్రాంథికవాదులకు మా పిఠాపురం సంస్థానం అండగా నిలిచింది. 'సూర్యరాయాంధ్ర నిఘంటువు' ఆ మహారాజా పేరుతోనే వచ్చింది. అయితే ఈ పోరాటంలో ఒక సంగతి గమనించండి. జీవితమంతా గ్రాంథికంలో రాసిన వీరేశలింగం 1919లో, మరణానికి కొద్ది నెలల ముందు, గిడుగువారు కార్యదర్శిగా ఏర్పడిన వ్యావహారిక భాషా సమాజానికి అధ్యక్షుడయ్యారు. 1924లో కాకినాడ కేంద్రంగా ఉన్న ఆంధ్ర సాహిత్య పరిషత్తే వ్యావహారికంపై ఉన్న నిషేధాన్ని తీసేసింది. అంటే పక్షం మారడానికి దారి ఉండేది. మారినవాణ్ణి ద్రోహి అనేవాళ్ళు అన్నారు, కానీ ఇంకో పక్షంలో అతనికి కుర్చీ దొరికింది, మొదటి పక్షంలోని స్నేహాలూ అన్నీ తెగిపోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1955 ఆంధ్ర ఎన్నికలు మరో ఘట్టం. కమ్యూనిస్టులను ఓడించడానికి కాంగ్రెస్, ఇతర పక్షాలు ఐక్య సంఘటన కట్టాయి. 'విశాలాంధ్ర' ఒకవైపు, 'ఆంధ్రపత్రిక', 'ఆంధ్రప్రభ' ఇంకోవైపు నిలిచి బాహాటంగా పోరాడాయి. కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చి 15 స్థానాలే దక్కాయి. ఆ ప్రచారంలోని భాష నేటికన్నా మెత్తనిదేం కాదు. కానీ అదే కాలంలో ఇంకొకటి చూడండి. 1952లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి, స్వయానా ఆయన బావమరిది. గెలిచినవాడి అక్కాచెల్లెళ్ళలో ఒకరు ఓడినవాడి ఇల్లాలు. ఆ ఇంట్లో పండక్కి ఎవరు వెళ్ళారో నాకు తెలియదు గానీ, ఆ బంధుత్వం అలాగే ఉంది.

కాబట్టి "ఇదివరకు మర్యాదగా ఉండేది" అన్న మాట చరిత్ర ముందు నిలబడదు. తిట్లు ఉన్నాయి, వెలి ఉంది, తప్పుడు ప్రచారం ఉంది. మరి పెద్దలు గుర్తుచేసుకునేది ఏమిటి?

మర్యాద అనే మాటలో మెలిక

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక చేదు విషయం మాట్లాడుకోవాలి. మన పల్లెల్లో 'మర్యాద' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఎదుటి మనిషిని మనిషిగా చూడటం. రెండోది, ఎవరి హద్దులో వాళ్ళుండటం. అరుగు మీద కూర్చున్నవాడి ముందు చెప్పులు విప్పడం, కండువా తీసి చంకలో పెట్టుకోవడం, "అయ్యా" అనడం ఈ రెండో మర్యాద. "ఆ రోజుల్లో ఎంత మర్యాదండీ" అని ఎవరైనా అంటే, ఆ రోజుల్లో ఆయన అరుగు మీద ఉన్నాడా, అరుగు కింద ఉన్నాడా అని ముందు అడగండి.

1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మంచినీటి చెరువును పాడుచేయవద్దని అడిగినందుకు మొదలైన తగాదాలో, కొట్టబోయినవారి మీద ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. మర్నాడు, 17న, పేట మీద దాడిచేసి ఆరుగురిని చంపారు. 1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీటులోని పైకులం కుర్రవాడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. రెండుచోట్లా దాడిచేసినవారి మనసులోని ఫిర్యాదు ఒకటే, "వీళ్ళకు మర్యాద లేకుండా పోయింది." రెండు ఊళ్ళలోనూ అంతకుముందు దశాబ్దాలపాటు ఎంతో 'మర్యాద' ఉంది. అది ఎవరి ప్రాణాన్నీ కాపాడలేదు.

అందుచేత ఈ రోజు రాజకీయాల్లో గొంతులు పెరిగాయంటే, అందులో ఒక భాగం మునుపు గొంతే లేనివారు మాట్లాడటం మొదలుపెట్టడం. దాన్ని మర్యాద క్షీణించడంగా లెక్కవేస్తే లెక్క తప్పుతుంది. ఈ సంగతిలో నా సహాధ్యాపకులు కొందరు నాతో ఏకీభవించరు. నా అభిప్రాయం మారలేదు.

అమలాపురం, 2022 మే 24

ఇప్పుడు మన కాలంలోని ఘటనకు వద్దాం. ఉప్పాడ నుంచి కాకినాడ, యానాం మీదుగా గోదావరి పాయలు దాటితే కోనసీమ. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 26 అయింది. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దళిత సంఘాలు ఆ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టాలని అడుగుతూ వచ్చాయి. మే 18న ప్రభుత్వం 'డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ' అని ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు పెట్టింది. 'కోనసీమ' పేరు పోలేదు, దానికి ముందు ఒక పేరు చేరింది.

మే 24న, పాత పేరే ఉంచాలంటూ కలెక్టరేటుకు వినతిపత్రం ఇవ్వడానికి జనం కదిలారు. నిషేధాజ్ఞలు ఉన్నాయి, పోలీసులు ఆపారు. సాయంత్రానికి రాళ్ళు లేచాయి, బస్సులు తగలబడ్డాయి, పోలీసులు గాయపడ్డారు. రవాణా మంత్రి పినిపె విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ కుమార్ ఇంటికి నిప్పుపెట్టారు. ఒకరు దళితుడు, ఇంకొకరు వెనుకబడిన తరగతికి చెందినవారు. ఇద్దరూ పాలకపక్షంవారే. ఆ తర్వాత చాలా రోజులు కోనసీమలో ఇంటర్నెట్ లేదు. జూన్‌లో మంత్రివర్గం అదే పేరును ఖరారు చేసింది.

చరిత్ర విద్యార్థిగా ఇక్కడ మీరు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, అదే ఏప్రిల్‌లో ఎన్టీఆర్, అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య, శ్రీ సత్యసాయి పేర్లతో జిల్లాలు వచ్చాయి. వాటిలో దేనికీ ఇలాంటి మంట లేవలేదు. ఈ ఒక్క పేరుకే ఎందుకు లేచింది? "మా ఊరి పేరు మీద మమకారం" అన్న జవాబు సగమే. కోనసీమ వాసులకు ఆ పేరు మీద నిజమైన ప్రేమ ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ మిగతా సగం జవాబు చుండూరు సినిమా హాల్లో ఉంది.

రెండోది, ప్రధాన పార్టీలేవీ అంబేడ్కర్ పేరును బహిరంగంగా వ్యతిరేకించలేదు. వేదిక మీద అందరూ ఒకటే మాట. ఇళ్ళు కాలాక మాత్రం, ఇది వాళ్ళ కుట్ర అని వీళ్ళు, వీళ్ళ నాటకం అని వాళ్ళు. ఊళ్ళో జరిగిన గాయానికి రెండు రోజుల్లో పార్టీ రంగులు పడ్డాయి. ఎవరు చేశారన్నది కూడా చూసేవాడి పార్టీని బట్టి మారిపోయింది. మనం మాట్లాడుకుంటున్న జబ్బు అసలు లక్షణం ఇదే. దూషణ అందులో చిన్న భాగం. ఒకే వీధిలో, ఒకే సాయంత్రం కళ్ళముందు జరిగిన దాన్ని ఇద్దరు పొరుగువాళ్ళు ఒకేలా చెప్పలేకపోవడం అసలు సంగతి. మరుసటి ఏడాది ఆ కేసులను ఉపసంహరించుకోవాలని ప్రభుత్వం నిర్ణయించింది. కులాల మధ్య సామరస్యం కోసం అన్నారు. సామరస్యం వచ్చి ఉండవచ్చు, కానీ ఆ సాయంత్రం ఏం జరిగిందో ఒక న్యాయస్థానం తేల్చి రాసిపెట్టే అవకాశం సన్నగిల్లింది.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టే ప్రశ్న. ఇదే అమలాపురం లోక్‌సభ స్థానం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజు సభను నడిపింది ఈ కోనసీమ మనిషే. ఆ ఏడాది అక్టోబరులో అన్ని పక్షాలూ కలిసి ఆయన్ని మళ్ళీ ఏకగ్రీవంగా ఎన్నుకున్నాయి. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఆయన్ని కులం చూడకుండా మా వాడు అనుకున్న ప్రాంతం, ఇరవై ఏళ్ళకు ఒక పేరు దగ్గర ఎలా చీలిపోయింది?

ఏది తెగిపోయింది?

ఇంగ్లిషులో ఈ ధోరణిని 'ట్రైబలిజం' అంటారు. ఆ మాట నాకు నచ్చదు. తెగల్లో బతికేవారిని అది అన్యాయంగా అవమానిస్తుంది. మాక్స్ గ్లక్‌మన్ అనే మానవశాస్త్రవేత్త 1955లో ఆఫ్రికా సమాజాలపై ఇచ్చిన ప్రసంగాల్లో దీనికి సరిగ్గా విరుద్ధమైన విషయం చెప్పాడు. పగలున్న తెగల మధ్య శాంతి ఎలా నిలుస్తుంది? ఇవాళ నా శత్రువర్గం అనుకున్నవారిలోనే నా భార్య పుట్టిల్లు ఉంటుంది. నా పశువులు వాళ్ళ బీడులో మేస్తాయి. తగాదా ముదిరితే నష్టపోయేవాళ్ళు రెండు వైపులా ఉంటారు, వాళ్ళే రాజీకి పరుగెడతారు. అంటే శాంతిని నిలబెట్టేది మెత్తటి మాటలు కాదు, అడ్డదిడ్డంగా అల్లుకున్న సంబంధాలు. మన దేశంలో ఆశుతోష్ వార్ష్నేయ హైదరాబాద్, లక్నో వంటి నగరాలను జంటలుగా పోల్చి 2002లో ప్రచురించిన పుస్తకంలో దగ్గరి నిర్ణయానికే వచ్చారు. హిందువులూ ముస్లింలూ కలిసి సభ్యులుగా ఉన్న వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, క్లబ్బులు ఉన్నచోట పుకారు అల్లరిగా మారదు. నగరాల్లో ఇరుగుపొరుగు పలకరింపులు ఒక్కటే చాలవు.

ఈ దృష్టితో మన పల్లెల్ని చూడండి. పార్టీలకు అతీతంగా మనుషులు ఒక బల్ల చుట్టూ కూర్చోవలసిన చోట్లు ఏవి? ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు, చేనేత సంఘాలు, గ్రంథాలయం, గుడి కమిటీ, బడి కమిటీ. వ్యవసాయ సహకార సంఘాలకు మన రాష్ట్రంలో 2013లో ఎన్నికలు జరిగాయి, ఆ తర్వాత ఏళ్ళకు ఏళ్ళు ప్రభుత్వం నియమించిన కమిటీలే నడిపాయి. ఎన్నికైన సంఘంలో ఓడినవాడి మనిషి కూడా ఒకడు ఉంటాడు, లెక్క అడుగుతాడు, టీ తాగుతాడు. నియమించిన కమిటీలో ఒకే రంగు. ప్రభుత్వం మారగానే గుడి ధర్మకర్తల దగ్గర్నుంచి అందరూ మారిపోతారు. పంచాయతీ ఎన్నికలు చట్టం ప్రకారం పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. కానీ ఫలితాల రాత్రి ఏ పార్టీకి ఎన్ని పంచాయతీలో లెక్కలు వస్తాయి.

దీనికితోడు ఇంకొకటి జరిగింది. 2014 తర్వాత పింఛను లబ్ధిదారుల ఎంపికలో జన్మభూమి కమిటీలు, 2019 తర్వాత వాలంటీర్లు ప్రభుత్వానికీ ఇంటికీ మధ్య నిలిచారు. రెండు ఏర్పాట్ల మీదా ఎదుటి పక్షం ఒకే ఆరోపణ చేసింది, మా వాళ్ళని వదిలేస్తున్నారని. ఆరోపణ ఎంత నిజమో ఊరిని బట్టి ఉంటుంది. కానీ ముసలమ్మ పింఛను తన కొడుకు ఏ జెండా మోస్తాడన్నదానిపై ఆధారపడి ఉందన్న భయం ఒకసారి మనసులో పడితే, ఆమెకు పార్టీ అంటే అభిప్రాయం కాదు, అన్నం. అన్నం దగ్గర ఎవరూ మర్యాదగా వాదించలేరు. మా వీధి బావమరుదులు మాట మానుకోవడం వెనక ఇలాంటి ఒక జాబితా గొడవే ఉందని నాకు తర్వాత తెలిసింది.

పైన శాసనసభలోనూ ఇదే తంతు. 2017 చివర నుంచి వైఎస్సార్ కాంగ్రెస్, తన సభ్యులను పాలకపక్షంలో చేర్చుకున్నందుకు నిరసనగా సభను బహిష్కరించింది. 2021 నవంబర్ 19న చంద్రబాబు నాయుడు, సభలో తన కుటుంబాన్ని అవమానించారంటూ, మళ్ళీ ముఖ్యమంత్రిగానే వస్తానని చెప్పి వెళ్ళిపోయారు, అలాగే 2024లో వచ్చారు. ఆ ఎన్నికల్లో 11 స్థానాలకు పరిమితమైన వైఎస్సార్ కాంగ్రెస్, ప్రతిపక్ష హోదా కోసం పట్టుబట్టి సభకు చాలావరకు దూరంగా ఉంటూ వచ్చింది. వరుసగా మూడు శాసనసభలు! ఒక్కొక్కరి కారణంలో న్యాయం ఉండవచ్చు. అయితే సభలో కేకలు వేసుకోవడం కన్నా సభ నుంచి లేచిపోవడం ఎక్కువ ప్రమాదమని నేను అనుకుంటాను. కేకలేసేవాడు ఎదుటివాడు వింటున్నాడని నమ్ముతున్నాడు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన చివరి ప్రసంగాన్ని ఈ సందర్భంలో మీరు చదవాలి. స్వేచ్ఛ, సమానత్వంతోపాటు సోదరభావం లేకపోతే మిగతా రెండూ నిలవవన్నది అందులో ఆయన వాదన. కులాలు ఆ సోదరభావానికి అడ్డమని కూడా అక్కడే చెప్పారు. ఆయన అడిగింది పాతకాలపు అరుగు మర్యాద కాదు, సమానుల మధ్య సంబంధం. ఆయన పేరు మీదే అమలాపురం తగలబడిందన్న సంగతి గుర్తుంచుకుని చదవండి.

నియోజనం

మీ గ్రామంలో లేదా వార్డులో 60 ఏళ్ళు దాటినవారిని ముగ్గురిని కలవండి. ఒకరు ఊళ్ళో పెత్తనం ఉన్న కుటుంబం నుంచి, ఒకరు దళితపేట నుంచి, ఒకరు స్త్రీ అయి ఉండాలి. 1990 ప్రాంతంలో ఊళ్ళో ఏయే సంఘాలు, కమిటీలు ఉండేవో, వాటిలో ఎవరెవరు కలిసి కూర్చునేవారో అడిగి రాసుకోండి. ఇప్పుడు ఉన్నవాటి జాబితా పక్కన పెట్టండి. "ఇదివరకు మర్యాద ఉండేదా?" అన్న ప్రశ్న ముగ్గురినీ విడివిడిగా అడగండి, జవాబుల్ని దిద్దకుండా వారి మాటల్లోనే రాయండి. మూడూ ఒకేలా వస్తే మరోసారి వెళ్ళి అడగండి.